తూఫాన్‌ని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు

హైదరాబాద్ శివార్లలో గుర్రాలు పెంచేవాళ్ళు, స్వారీ నేర్చుకునేవాళ్ళు కలుసుకున్న ఒక ఆదివారం ఉదయం, ఒక లాయం నడిపే ఆవిడ మాట్లాడిన మాటలు ఇవి. పలికినవి పలికినట్టే రాసుకున్నాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

మొన్న గురువారం రాత్రి పదకొండు దాటాక నాకొక ఫోన్ వచ్చింది. చేసిన అమ్మాయి ఇక్కడే కూర్చుని ఉంది. పేరు చెప్పను, తనని అడిగి ఒప్పుకున్నాకే ఈ సంగతి మాట్లాడుతున్నాను. తన దగ్గర 18 ఏళ్ళ ఆడగుర్రం ఉంది, తొమ్మిదేళ్ళుగా పెంచుతోంది. ఈ మూడు నెలల్లో ఆ గుర్రం మనిషి దగ్గరికొస్తే చెవులు వెనక్కి వేసి కరవడానికి వస్తోంది, లోపలికి వెళ్ళినవాళ్ళని గోడకేసి నొక్కుతోంది, పోయిన వారం నాడాలు మార్చడానికి వచ్చిన నాల్‌బంద్‌ని తన్నబోతే వెంట్రుకవాసిలో తప్పింది. ఇంట్లోవాళ్ళు వదిలించుకోమంటున్నారు. బరాత్‌లకి గుర్రాలు తిప్పే ఒకాయన వచ్చి చూసి, నాకిచ్చెయ్యండి పది రోజుల్లో దారికి తెస్తాను అన్నాడట. ఇంకెవరో డాక్టర్‌ని పిలిచి నిద్రపుచ్చెయ్యమన్నారట. అక్కా నేనేం చెయ్యాలి అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఏడ్చేసింది. ఫోన్‌లో నేనేమీ చెప్పలేకపోయాను. నిజానికి ఈరోజు నన్ను గిట్టల సంరక్షణ గురించి మాట్లాడమన్నారు. అది ఇంకోసారి చెప్తాను, ఏమీ అనుకోకండి.

ముందు ఒక మాట. నిద్రపుచ్చడం అంటాం, డాక్టర్లు యూథనేసియా అంటారు. నేను మాత్రం ఈరోజు చంపడం అనే అంటాను, వినడానికి కష్టంగా ఉన్నా సరే. మా గుర్రం తూఫాన్ పోయిన మర్నాడు మా దగ్గర నేర్చుకునే ఒక ఆరేళ్ళ పాప వచ్చి, వాడు నిద్ర ఎప్పుడు లేస్తాడు ఆంటీ అని అడిగింది. వాళ్ళమ్మ నిద్రపుచ్చారు అని చెప్పిందట. ఆ పాపకి మళ్ళీ మొదట్నించీ చెప్పుకురావడం నా వల్ల కాలేదు. ఆరోజే అనుకున్నాను, ఈ మాట ఇక వాడనని.

తూఫాన్ గురించి చెప్పేముందు రాణి అనే ఇంకో గుర్రం గురించి చెప్పాలి. అది నేను చేసిన తప్పు, ఇన్నేళ్ళూ పదిమందిలో ఎప్పుడూ చెప్పలేదు.

2009లో రాణికి 16 ఏళ్ళు. జీను బిగించేటప్పుడు వెనక్కి తిరిగి పళ్ళతో పట్టుకునేది, ఎక్కినవాళ్ళని రెండుసార్లు పడేసింది. అప్పటికి నేను లాయం పెట్టి నాలుగేళ్ళే, బ్యాంకు లోన్ ఉంది, పిల్లలు నేర్చుకోవడానికి వస్తున్నారు, వాళ్ళ తల్లిదండ్రుల కళ్ళముందు ఒక గుర్రం ఒక్కసారి కరిచినా మర్నాడు ఎవరూ రారు. వేరే జిల్లా నుంచి బరాత్ గుర్రాలు తిప్పే ఒకతను వచ్చాడు. ఎలాంటిది మేడం అని అడిగాడు. "కొంచెం చురుకు, అంతే" అన్నాను. ఆ మూడు మాటలే అన్నాను. అతను నోట్లు లెక్కపెట్టాడు, నేను తీసుకున్నాను, రాణి వ్యాన్ ఎక్కనని మొరాయిస్తుంటే నేనే వెనకనుంచి తోశాను.

ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. ఒక ఊరేగింపులో, బ్యాండు, టపాకాయలు, జనరేటర్ లైట్లు, ఆ గోలలో ట్రంపెట్ వాయించే కుర్రాడు రాణి వెనకనుంచి దాటబోయాడు, తన్నింది, మోకాలు విరిగింది. ఆ కుర్రాడికి 19 ఏళ్ళు. రాణిని ఆ వారంలోనే సంతలో అమ్మేశారు. నేను వెతుక్కుంటూ వెళ్ళాను, మూడు ఊళ్ళు తిరిగాను, ఇటుక బట్టీల వైపు తోలుకుపోయారని ఒకరన్నారు, బండికి కట్టారని ఒకరన్నారు. దొరకలేదు. కరిచే ముసలి గుర్రం చేతులు మారినకొద్దీ ధర తగ్గుతుంది, ధరతోపాటు దాణా తగ్గుతుంది, దెబ్బలు పెరుగుతాయి. చివరికి దాన్ని కొనేది ఎవరు? గుర్రం గురించి ఏమీ తెలియనివాడు, లేకపోతే డాక్టర్‌కి ఇవ్వడానికి చేతిలో డబ్బు లేనివాడు. ఆ కుర్రాడి మోకాలికి బాధ్యత నాదే, ఎందుకంటే రాణి తన్నుతుందని తెలిసి నోరు మూసుకున్నది నేను.

అందుకే తూఫాన్‌ని ఇచ్చెయ్యమన్నప్పుడు నేను ఇవ్వలేదు.

తూఫాన్ మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తిన థరోబ్రెడ్, అంటే రేసుల జాతి, గెల్డింగ్, అంటే వృషణాలు తీసిన మగగుర్రం, ఎర్రటి ఒళ్ళు, నల్ల జూలు. మన దేశంలో రేసు గుర్రాలు రెండేళ్ళకే పరుగు మొదలుపెడతాయి, ఐదారేళ్ళకి చాలావాటి పని అయిపోతుంది, కానీ గుర్రం 25, 30 ఏళ్ళు బతుకుతుంది. మిగతా ఇరవై ఏళ్ళు అది ఎక్కడుండాలి, ఏం తినాలి అన్నది కొన్నరోజు ఎవరూ ఆలోచించరు. వాడు ఆరేళ్ళప్పుడు నా దగ్గరికొచ్చాడు. మొదటి ఏడాది గాలికి ఆకు కదిలినా ఎగిరేవాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు మా లాయంలో వాడంత నమ్మకమైన గుర్రం లేదు. ఇక్కడున్నవాళ్ళలో కనీసం పదిమంది మొదటిసారి దౌడు తీసింది వాడి మీదే, చేతులెత్తమని అడగను కానీ నాకు తెలుసు.

గుర్రాల్ని చూసుకునే మా సైస్‌ని అందరం చాచా అంటాం. ముప్పై ఏళ్ళుగా గుర్రాలతోనే ఉన్నాడు, ఇరవైకి పైగా మా దగ్గరే. తూఫాన్‌కి దాణా పెట్టింది, ఉలవలు ఉడకబెట్టింది, మాలిష్ చేసింది, చలికాలం దుప్పటి కప్పింది అంతా చాచానే. వాడికి 20 ఏళ్ళు దాటాక ఒకరోజు దాణా బకెట్ తీసుకుని కుడివైపునుంచి లోపలికి వెళ్తే వాడు గిర్రున తిరిగి రెండు కాళ్ళతో తన్నాడు. చాచాకి రెండు పక్కటెముకలు విరిగాయి.

నేను ఆస్పత్రికి పరుగెత్తేసరికి చాచా పడుకుని ఉన్నాడు, ఊపిరి తీసుకోలేకపోతున్నాడు. నాతో అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "కోపంతో తన్నలేదమ్మా, నేనెవరో వాడికి కనబడలేదు." మేమంతా గుర్రానికి పొగరెక్కింది, ముసలితనంలో బుద్ధి మారింది అనుకుంటుంటే, ఎముకలు విరిగిన మనిషికి తట్టింది ఆ మాట. నుదుటి మీద సుడి చూసి, ఇది మంచి సుడి కాదు, యజమానికి కీడు, నేనైతే లాయంలో ఉండనివ్వను అన్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. పద్నాలుగేళ్ళు పిల్లల్ని మోసినప్పుడూ ఆ సుడి అక్కడే ఉంది కదండీ. సుడుల పేరు చెప్పి ఎన్ని గుర్రాల బతుకులు పాడుచేస్తామో మనం.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఫోన్ చేసిన అమ్మాయికి ముందు కావలసింది ఇదే.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి దొరికే జంతువు. కుంటితే పులి ముందు దాన్నే పట్టుకుంటుంది, కాబట్టి నొప్పి దాచుకోవడం దాని ఒంట్లోనే ఉంది. అది దాచుకోలేని స్థితికి వచ్చేసరికి మనం దాన్ని పొగరు అని పిలుస్తాం. బాగుండే గుర్రం ఉన్నట్టుండి మారిపోతే మన దేశంలో మొదట అనుకోవలసింది రేబిస్. కుక్క కరిచిన సంగతి మనకి తెలియకపోవచ్చు, గాయం ఎప్పుడో మానిపోయి ఉండొచ్చు. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టి చూసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. రేబిస్ అయితే లక్షణాలు మొదలైన కొద్దిరోజుల్లోనే గుర్రం పోతుంది, ఈలోగా దాన్ని ముట్టుకున్నవాళ్ళంతా వెంటనే డాక్టర్‌ని కలిసి టీకాలు కావాలేమో అడగాలి. నెలల తరబడి నడుస్తున్న మార్పు అయితే అది కాదు, అప్పుడు నొప్పి ఎక్కడుందో వెతకాలి.

మేము పళ్ళతో మొదలుపెట్టాం. ముసలి గుర్రానికి దవడ పళ్ళు అరిగి అంచులు కత్తుల్లా తయారవుతాయి, కళ్ళెం లాగినప్పుడల్లా బుగ్గలు కోసుకుంటాయి. గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడం అని తీసిపారేసినట్టు మాట్లాడతాం కానీ, ముసలి గుర్రానికి పళ్ళు రాకించడం అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని. రాకించాం. కొంచెం తేడా కనబడింది. తర్వాత జీను. వయసుతో వీపు కుంగిపోతుంది, పదేళ్ళ కింద సరిపోయిన జీను ఇప్పుడు ఎముక మీద కూర్చుంటుంది. అదీ మార్చాం. తర్వాత కడుపులో పుళ్ళు. గుర్రం కడుపు తిన్నా తినకపోయినా రోజంతా ఆసిడ్ తయారుచేస్తూనే ఉంటుంది, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి దాణా పడేసి మధ్యలో ఖాళీగా నిలబెడితే ఆ ఆసిడ్ కడుపునే తింటుంది. తూఫాన్‌కి పుళ్ళున్నాయి. నెలరోజులు మందు వాడాం, గడ్డి ఎప్పుడూ ముందుండేలా చూశాం. పుళ్ళు మానాయి. తన్నడం మానలేదు.

అప్పుడు డాక్టర్ గారు రెండు వారాలు నొప్పి మందు ఇచ్చి చూద్దామన్నారు. ఇది చాలా తేలికైన పరీక్ష, కానీ చేసేవాళ్ళు తక్కువ. మందు వేశాక గుర్రం మెత్తబడితే దాని గొడవ బుద్ధిలో లేదు, ఒంట్లో ఉంది. స్వారీ చేస్తున్నప్పుడు గుర్రం నొప్పిని ఎలా చూపిస్తుందో చెప్పడానికి సూ డైసన్ అనే బ్రిటిష్ డాక్టర్ 24 లక్షణాల పట్టిక తయారుచేశారు, చెవులు వెనక్కి వెయ్యడం, తోక విసరడం, కళ్ళెం ఒకవైపుకి లాగడం, ఇలాంటివి. వాటిలో ఎనిమిదో అంతకంటే ఎక్కువో కనబడితే నొప్పి ఉందని అనుమానించాలంటారు. నేను తూఫాన్ పాత వీడియోలు తీసి చూశాను. తన్నడానికి ఏడాదిన్నర ముందు వీడియోలో పదకొండు లెక్కపెట్టాను. ఆ వీడియోలో నేను పక్కనే నిలబడి, మడమలు కిందికి, మడమలు కిందికి అని పిల్లవాడికి చెప్తున్నాను. గుర్రం వైపు చూడనే లేదు.

మందుతో వాడు సగం మెత్తబడ్డాడు. మిగతా సగం ఏంటో చాచా చెప్పిన మాటలోనే ఉంది. కుడికన్ను. గుర్రాల కళ్ళకి మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక వాపు ఉంది, పాతకాలంలో మూన్ బ్లైండ్‌నెస్ అనేవారు. వస్తుంది, నాలుగు రోజుల్లో తగ్గినట్టుంటుంది, మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ చూపు కొంచెం తీసుకుపోతుంది, విపరీతమైన నొప్పి. ఎలుకల ఉచ్చతో పాకే లెప్టోస్పైరా అనే బాక్టీరియా దానికి ఒక కారణం. వర్షాకాలంలో కంట్లోంచి నీరు కారితే మేము దుమ్ము పడిందనుకుని కడిగాం. కుడికన్ను పూర్తిగా పోయింది, ఎడమకంట్లో కూడా మొదలైంది. గుర్రానికి దాదాపు చుట్టూరా కనబడుతుంది కదా, నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం తప్ప. అలాంటి జంతువుకి ఒకవైపు ప్రపంచం మాయమైపోయి, ఆ చీకట్లోంచి బకెట్ చప్పుడు వస్తే ఏం చేస్తుంది?

ఆ కన్ను తీసేస్తే దాని నొప్పి పోతుంది, ఒంటికన్నుతో హాయిగా బతికే గుర్రాలు చాలా ఉన్నాయి అన్నారు డాక్టర్ గారు. కన్ను ఒక్కటే అయ్యుంటే చేయించేదాన్ని. కానీ మెడ ఎక్స్‌రేలో కింది కీళ్ళు అరిగిపోయి, వెన్నుపాముని నొక్కుతున్నట్టు కనబడింది. చిన్న వలయంలో తిప్పితే వెనకకాళ్ళు ఎక్కడ పడుతున్నాయో వాడికే తెలియడంలేదు, నడుస్తుండగా తోక పట్టి లాగితే తూలిపోతున్నాడు.

దీనికి తోడు ముందుకాళ్ళ మీద, గిట్టకి పైన కీలు ముందువైపు చర్మం చెక్కుకుపోయి ఉంది. ఎక్కడో రాసుకున్నాడనుకున్నాం. చాచా ఆస్పత్రి నుంచి వచ్చాక చూసి, వీడు పడుకోవడంలేదు అన్నాడు. ఫోన్ పెట్టి రాత్రంతా రికార్డు చేశాం. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది, నిజమే, కానీ గాఢంగా కలలొచ్చే నిద్రకి పడుకోవాల్సిందే, రోజుకి అరగంటో గంటో. ఆ నిద్ర లేకుండా రోజులు గడిస్తే నిలబడ్డచోటే మోకాళ్ళు మడిచి ముందుకి కూలిపోతుంది, ఉలిక్కిపడి లేస్తుంది. తూఫాన్ పడుకుంటే మెడ నొప్పికి లేవలేడు, అందుకని పడుకోడు. పదకొండు రాత్రులు చూశాం. ఒక్కసారీ పడుకోలేదు. ఒక్కో రాత్రి ఆరేడుసార్లు కూలిపోయి లేచాడు. నిద్రలేక, కన్ను కనబడక, నొప్పితో ఉన్న జంతువుని మేము ఏడాదిపాటు పొగరుబోతు అన్నాం.

నాలుగు నెలలు ప్రయత్నించాం. స్వారీ పూర్తిగా మానేశాం. రంపపు పొట్టు మోకాలి లోతు పరిచాం. నొప్పి మందు, కంటి మందు. ఆ కంటి చుక్కలు వెయ్యడానికే ముగ్గురం కావలసివచ్చేది, వాడు ముందుకాళ్ళెత్తి మీదపడేవాడు. దాణా గది గోడ మీద చాచా సుద్దముక్కతో గీతలు గీసేవాడు. మంచిరోజుకి నిలువు గీత, చెడ్డరోజుకి అడ్డగీత. ఆ నాలుగో నెల చివర్లో ఆ గోడకి దూరంగా నిలబడి చూస్తే అన్నీ అడ్డగీతలే.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు సంగతులున్నాయి. ఎక్కడానికి పనికిరాని గుర్రం వేరు, దగ్గరికి వెళ్ళడానికి వీల్లేని గుర్రం వేరు. ఎక్కనివ్వకపోతే ఎక్కకండి, అంతే. దానికి కాసింత నేల, ఒక తోడు గుర్రం ఇచ్చి వదిలెయ్యండి, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు, తప్పదు కూడా, నెలకి పదిహేను వేలో ఎంతో అవుతుంది, ఇన్నాళ్ళు మనల్ని మోసినందుకు అది మన బాకీ. కానీ దగ్గరికి వెళ్ళలేని గుర్రానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆరేడు వారాలకోసారి గిట్టలు కొయ్యాలి, కొయ్యకపోతే అవి పెరిగి వంకరపోతాయి. గాయమైతే కడగాలి, కడుపునొప్పి వస్తే సూది వెయ్యాలి. ఇవేవీ చేయించుకోని గుర్రాన్ని కంచె లోపల వదిలేసి, బతికిస్తున్నాం అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

నేను డాక్టర్ గారిని అడిగాను, మీరైతే ఏం చేస్తారని. నిర్ణయం మీదే అన్నారు. చంపేద్దామన్నా తప్పనను, ఇంకొన్నాళ్ళు చూద్దామన్నా తప్పనను, కానీ ఉంచుకుంటే మాత్రం రేపట్నించి దాణా మీరే పెట్టండి, చాచాని పంపకండి అన్నారు.

నాకు కోపమొచ్చింది. ఇంటికెళ్ళి రాత్రంతా ఆ కోపంతోనే కూర్చున్నాను. తెల్లారుజామున అర్థమైంది. ఇన్ని నెలలూ తూఫాన్‌ని ప్రేమిస్తున్నది నేను, లోపలికి వెళ్తున్నది చాచా. నా ప్రేమకి చాచా పక్కటెముకలు ఖర్చవుతున్నాయి. పక్కటెముకలు అతుక్కోకముందే వచ్చి బకెట్ పట్టుకున్నాడంటే వాడి మీద ప్రేమ ఎంతో, జీతం పోతుందన్న భయం ఎంతో, ఆ రెండోదాని గురించి నేను ఒక్కసారైనా అడగలేదు. రాణి విషయంలో ప్రమాదాన్ని ముక్కూమొహం తెలియని కుర్రాడి మీదికి తోశాను. తూఫాన్ విషయంలో తోయలేదని గర్వపడుతూ, నా ఇంట్లోనే ఉన్న మనిషి మీద పెట్టాను. ఇక్కడున్న యజమానులందరినీ అడుగుతున్నాను, మీ గుర్రం ప్రమాదకరమైనదైతే ఇవాళ సాయంత్రం దాని దగ్గరికి వెళ్ళేది ఎవరు? మీరా? వెళ్ళే మనిషికి వద్దు అనే స్వేచ్ఛ ఉందా? దానికి ఆస్పత్రి ఖర్చు రాసిపెట్టారా?

మర్నాడు ఉదయం దాణా నేనే తీసుకెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి పేరుపెట్టి పిలిచి, ఎడమవైపునుంచే వెళ్ళాను. చేతులు వణికాయి. తూఫాన్ నా గొంతు విని చెవులు ముందుకి తిప్పాడు, రెండడుగులు వేశాడు, నిలబడ్డచోటే కళ్ళు మూతలుపడి మోకాళ్ళ మీద నా ముందు కూలిపోయాడు. మళ్ళీ లేచాడు. లేచి భయంతో పళ్ళు బయటపెట్టి నా మీదికి వచ్చాడు. నేను బయటికి వచ్చేసి, గడియ వేసి, డాక్టర్ గారికి ఫోన్ చేశాను.

మా అమ్మ పాపం అంది. దాని ప్రాణం అది పోయేదాకా ఉంచాలి, తియ్యడానికి నువ్వెవరు అంది. ఈ మాట మీలో చాలామంది మనసులో ఉందని నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ గుర్రం తనంతట తాను పోవడం అంటే రాత్రి పడుకుని పొద్దున లేవకపోవడం కాదండీ. ఎక్కువగా జరిగేది, ఒకరోజు పడిపోతుంది, లేవలేదు. 450, 500 కేజీల బరువు, ఆ బరువు కింద దాని కండరాలే నలిగి చచ్చిపోతాయి. లేవాలని తల నేలకేసి కొట్టుకుంటుంది, కళ్ళ చుట్టూ తోలు లేచిపోతుంది. ఒకటీ రెండు రోజులు పట్టొచ్చు. అది నేను చూశాను. అది చూసే ధైర్యం ఉన్నవాళ్ళు పాపపుణ్యాల లెక్క వేసుకోండి. మా అమ్మని ఒక రాత్రి తీసుకొచ్చి తూఫాన్ కూలిపోవడం చూపించాను. ఆ తర్వాత ఏమీ అనలేదు, తూఫాన్ పోయే రోజు పొద్దున బెల్లం పంపింది.

చట్టం సంగతి కూడా చెప్తాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో, బతికుంచడమే క్రూరత్వం అనిపించేంత బాధలో ఉన్న జంతువు గురించి 13వ సెక్షన్ మాట్లాడుతుంది. అది జంతువు బాధ గురించే, మన విసుగు గురించి కాదు. కాబట్టి రిజిస్టర్డ్ వెటర్నరీ డాక్టర్ చూడాలి, ఎక్స్‌రేలు, రిపోర్టులు ఉండాలి, కారణం కాగితం మీద ఉండాలి. ఎవరో ఏదో ఇంజెక్షన్ తెచ్చి పొడిచే పని ఎప్పటికీ వద్దు.

గొయ్యి ముందురోజే జేసీబీతో తీయించాం, బావికీ బోరుకీ దూరంగా, మనిషి మునిగేదానికంటే లోతుగా. ఆ మందు శవంలో ఉండిపోతుంది, పైపైన పూడిస్తే కుక్కలు, గద్దలు, రాబందులు తిని చచ్చిపోతాయి. గుర్రం బతికుండగా దాని గొయ్యి కొలతలు మాట్లాడటం ఘోరంగా అనిపిస్తుంది, కానీ ముందే చెయ్యకపోతే ఆరోజు ఇంకా ఘోరంగా ఉంటుంది.

పొద్దున ఆరున్నరకి. చాచా ఉలవలు ఉడికించి మా అమ్మ పంపిన బెల్లం కలిపాడు. నేను పెడతానంటే ఒప్పుకోలేదు, ఇవాళ ఒక్కరోజు నన్నే పెట్టనివ్వమన్నాడు, కంచె బయటనుంచి చెయ్యి చాపి పెట్టాడు. ముందు మత్తు సూది కండకి వేశారు, తల దించేశాడు, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి వాడి మొహంలో బిగువు వదలడం చూశాను. అప్పుడు గొయ్యి పక్కకి నడిపించి, మెడ నరానికి సూదిగొట్టం పెట్టి, దానిగుండా మందు ఇచ్చారు. అర నిమిషమే పట్టింది. గుర్రం పడేటప్పుడు చాలా పెద్ద చప్పుడు అవుతుంది, అది ఎవరూ నాకు చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నాను. కళ్ళు మూసుకోవు. పడ్డాక కూడా రెండు మూడుసార్లు ఊపిరి తీసినట్టుంటుంది, కండ అదురుతుంది, అప్పటికే ప్రాణం ఉండదు, భయపడకండి. పిల్లల్ని రానివ్వకండి. పగ్గం పట్టుకునేది డాక్టర్ మనుషులే అయ్యుండాలి, మీరు మాట్లాడుతూ పక్కన ఉండండి చాలు.

డాక్టర్ గారు గుండె విని, కంటిని ముట్టుకుని చూసి తలూపాక, పదేళ్ళు వాడి పక్క గదిలో ఉన్న మేర్‌ని, అంటే ఆడగుర్రాన్ని, తీసుకొచ్చాం. వచ్చి మెడ వాసన చూసింది, ఒకసారి మూతితో తోసింది, చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత తల తిప్పి గడ్డి మెయ్యడం మొదలుపెట్టింది. చూపించకుండా శవాన్ని తీసుకెళ్ళిపోతే తోడు గుర్రాలు రోజుల తరబడి సకిలిస్తూ వెతుక్కుంటాయి, మాదాన్ని చూశాక మళ్ళీ అరవలేదు.

బ్రిటన్‌లో బ్రిటిష్ హార్స్ సొసైటీవాళ్ళు ఇలాంటి రోజున యజమాని పక్కన నిలబడటానికి మనుషుల్ని పంపుతారు, ఫ్రెండ్స్ ఎట్ ద ఎండ్ అని. ఇక్కడ మనకి అలాంటిది లేదు. నా నంబర్ మీ అందరి దగ్గరా ఉంది. పగలైనా రాత్రైనా చెయ్యండి, వస్తాను, చాచా కూడా వస్తానన్నాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి గుర్రం సంగతి. అమ్మా, నువ్వడిగిన దానికి నా దగ్గర ఇప్పుడే జవాబు లేదు, ఎందుకంటే దాన్ని ఇంకా ఎవరూ సరిగ్గా చూడలేదు. ఆడగుర్రం పోతుగుర్రంలా మీదికొస్తోందంటే అండాశయంలో గడ్డ ఉండొచ్చు, స్కానింగ్‌లో తెలుస్తుంది. ఆపరేషన్ చేసి ఆ గడ్డ తీసేస్తే కొన్ని నెలల్లో మామూలుగా అయిన మేర్‌లు ఉన్నాయి. అదే అయ్యుండి, తెలియక చంపేస్తే ఎంత అన్యాయం. పళ్ళు కావచ్చు, కడుపు కావచ్చు, కన్ను కావచ్చు. అన్నీ చూశాక కూడా తగ్గని నొప్పి అని తేలితే, ఆరోజు నేను నీ పక్కనే ఉంటాను. ఈలోపు దాన్ని ఎవరూ ఎక్కొద్దు, లోపలికి ఒక్కరే వెళ్ళొద్దు, దాణా కంచె మీదుగా పెట్టండి. ఆ బరాత్ ఆయనకి ఇవాళే ఫోన్ చేసి ఇవ్వనని చెప్పు. ఎందుకు ఇవ్వడంలేదో కూడా చెప్పు, అది తన్నుతుందని ఆయనకి తెలియాలి.

రేపు ఏడు గంటలకి డాక్టర్ గారు, నేను, చాచా మీ లాయానికి వస్తున్నాం. రాత్రి ఎవరైనా ఫోన్ పెట్టి రికార్డు చెయ్యండి, అది పడుకుంటోందో లేదో చూద్దాం.